దయ్యం నవలలో రైల్వే స్టేషన్

“చివరి అధ్యాయం ఇంకా చదవలె. ఇప్పుడు ఇయ్యను,” అని ఫరహా నవలను గుండెకు హత్తుకుంది.

“పట్టుకుంటేనే పేజీలు రాలుతున్నయ్. లైబ్రరీ భారతమ్మ మేడం బైండింగ్‌కు తీసుకొమ్మన్నది. నన్నేం జేయమంటరు?” అన్నాడు మొహసిన్.

జూలూరుపాడులో మొహసిన్ వాళ్లది తాతల నాటి బైండింగ్ షాపు. లైబ్రరీ పుస్తకాలన్నీ అక్కడికే వస్తాయి. ఊరి బడిలో చదివి డిగ్రీ రెండో ఏడుకొచ్చిన ఫరహా, క్లాసులో జవాబు తెలిసినా నోరు విప్పదు. పుస్తకం దగ్గర మాత్రం ఎక్కడలేని మొండితనం.

“అయితే నా ముందరే కుట్టండి. ఈడనే కూసుంట.”

“కూసోండి. గట్ల చూస్తే సూది వేలికి గుచ్చుకుంటది.”

“నేను పుస్తకాన్ని చూస్తున్న.”

“అవ్, నేనూ పుస్తకం సంగతే చెప్తున్న.”

బయట వాన. బల్ల మీద అట్టలూడిన నవలలు రెండు, ఒకే సైజువి. మొహసిన్ దారం నోట్లో తడుపుకుంటూ నిదానంగా కుట్టాడు.

ఇంటికెళ్లే ఆటోలోనే ఫరహా చివరి అధ్యాయం పూర్తి చేసింది. తల ఎత్తేసరికి దిగాల్సిన ఊరు దాటిపోయింది.

ఆదివారం లైబ్రరీలో సభ. ఈ మధ్య చదివిన నవలల గురించి కుర్రకారు మాట్లాడాలి. లైబ్రేరియన్ భారతమ్మ అడక్కుండానే ఫరహా పేరు రాసేసింది. ఈసారి గొంతు పెగలకపోతే జన్మలో మళ్లీ నలుగురి ముందు నిలబడలేనని ఫరహాకు తెలుసు. లేచింది.

“మొదటిది డిటెక్టివ్ నవల. హంతకుడెవరో సగంలనే తెలిసింది. కానీ ఆ పోలీసామె అన్నం కలుపుకుంట ఆలోచించే తీరు నచ్చింది. రెండోది వేరే గ్రహం కథ. ఆడ రెండు సూర్యుళ్లు. చదివినంక మా పత్తిచేను కాడికి వోయి పైకి చూసిన. మన సూర్యుడు ఒంటరోడు అనిపించింది.”

ఎవరో నవ్వారు. వెక్కిరింపు కాదు. ఆమె గొంతు నిలదొక్కుకుంది.

“మూడోది దయ్యం నవల. గోదారి ఒడ్డు అడవిల ఒక దయ్యంపిల్ల. పేరు లేదు, అందరు ‘అది’ అంటరు. చివరి అధ్యాయంల అడవి లేదు, దయ్యం లేదు. వానల రైల్వే స్టేషన్. ఒకబ్బాయి రైలు దిగి ‘వెన్నెలా’ అని పిలుస్తడు. గామె తిరిగి చూస్తది. ఆడికి ఎట్లొచ్చిందో రచయిత ఒక్క ముక్క చెప్పలె. ముందు నాకేం సమజ్ కాలె. తర్వాత ఒళ్లు జలదరించింది. దయ్యాలంటే చచ్చినోళ్లు కాదు. పేరు పెట్టి పిలిచేటోళ్లు లేనోళ్లు. ఒక్కరు పిలిస్తే చాలు, మనుషులైతరు. గంత పెద్ద మాట చెప్పకుండనే ఎట్ల చెప్పిన్రో.”

గదంతా చప్పట్లు. రిటైరైన టీచరు బొజ్జయ్య సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. గుమ్మం దగ్గర నిలబడ్డ మొహసిన్ ముఖంలో మాత్రం నెత్తురుచుక్క లేదు.

ఫరహా వరండాలోకి రాగానే అతను ఎదురొచ్చాడు. “కోపం చేయొద్దు. ఆ స్టేషన్ దయ్యం నవలది కాదు. పక్కనున్న ప్రేమ నవలది. రెండిట్ల ఆఖరి పదహారు పేజీల కట్ట ఊడింది. అటుదిటు, ఇటుదటు కుట్టిన.”

“మరి ఆ ప్రేమ నవల?”

“భారతమ్మ మేడం తీస్కపోయింది. పెండ్లయితదని చూస్తుంటే, ఆఖర్ల పిల్ల చింతచెట్టెక్కి కూసుందంట.”

ఫరహాకు నవ్వు రాలేదు. చెవులు కాలిపోతున్నాయి. లేని ముగింపుకా ఆ చప్పట్లన్నీ?

“ఎవరికీ చెప్ప. ఎవ్వరికీ తెల్వకుండ విప్పి మళ్ల కుడత,” అన్నాడతను మెల్లగా.

ఇంటికెళ్లిపోతే సరిపోయేది. కానీ ఆ జలదరింపు అబద్ధం కాదే. ఎవరూ పిలవకుండానే ఫరహా లోపలికి నడిచింది.

“సార్, నేను చెప్పిన ముగింపు ఆ నవలది కాదంట. రెండు పుస్తకాలు కలిసిపోయినయ్.”

“కలిపింది నేనే,” అన్నాడు మొహసిన్ వెనక నుంచి.

గది గొల్లుమంది. “అందుకేనా. పాడు పుస్తకం, పొద్దటిసంది ఏడిపిస్తున్నది,” అంది భారతమ్మ.

నవ్వులు తగ్గాక బొజ్జయ్య సార్ అడిగారు. “అడవి ఒకరు రాసిన్రు, స్టేషన్ ఒకరు రాసిన్రు. నడుమ నువ్వు చెప్పినవే, పిలిస్తే మనుషులైతరని. అది ఎవరు రాసిన్రు బిడ్డా?”

ఫరహా చుట్టూ ఉన్న బీరువాల వంక చూసింది. కథలు ఎక్కడో దూరాన, వేరే రకం మనుషులకు పుడతాయని ఇన్నాళ్లూ అనుకుంది. ఒకటి ఆటోలో, తన ఒళ్లోనే పుట్టింది. తనకే తెలియలేదు.

“నేనే అనుకుంట సార్.”

సభ అయ్యేసరికి మళ్లీ వాన. తగ్గేదాకా ఫరహా, మొహసిన్ వరండాలోనే నిలబడ్డారు.

“గింత పని తెలిసినోళ్లు గట్ల ఎట్ల తప్పిన్రు?” అంది ఫరహా.

మొహసిన్ చూరు నీళ్లలో చెయ్యి పెట్టాడు. “జల్దీ అయ్యే పనే. కావాలని సాగదీసిన, గట్లనే కట్టలు మారినయ్. ఒక కట్ట విప్పుడు, మళ్ల కుట్టుడు. అయిపోతే నువ్వు లేచి పోతవని.”

అతను ‘నువ్వు’ అన్నాడు. ఫరహా విననట్టే వాన వైపు తిరిగింది. పెదవుల మీద నవ్వు దాగలేదు.

“వచ్చే వారం ఒక పుస్తకం తెస్త. కుట్టాలె.”

“బాగ చినిగిందా?”

“లేదు,” అంది ఫరహా. “కొత్తదే.”