కుందేలు ఇంకా బావిలోనే ఉన్నాడు

"కనెక్ట్ అవుతోంది" అని చూపించింది కంప్యూటర్. చాలాసేపటినుంచి అదే మాట చూపిస్తోంది.

మాస్టర్ విసుగ్గా మౌస్‌ను టేబుల్ మీద రెండుసార్లు కొట్టింది. మౌస్‌ను కొడితే ఇంటర్నెట్ భయపడి పరుగెడుతుందని ఆ పిల్లకు ఎవరు చెప్పారో మరి.

మాస్టర్ అంటే బడిలో పాఠం చెప్పే మాస్టారు కాదు. ఆరో తరగతి చదివే అమ్మాయి. వాళ్ళ జట్టు ఆడే ఆటలో కథ నడిపేది తనే కాబట్టి అందరూ అలా పిలుస్తారు. ఆట సులువే. మాస్టర్ కథ చెబుతుంది. మిగతావాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషి అవుతారు. "ఎదురుగా తలుపుంది, ఏం చేస్తావ్?" అని మాస్టర్ అడిగితే, తంతాననవచ్చు, తట్టి పిలుస్తాననవచ్చు. అనుకున్నది జరుగుతుందో లేదో పాచిక తేలుస్తుంది. పెద్ద అంకె పడితే జరిగినట్టు, చిన్నది పడితే లేనట్టు.

మొన్నమొన్నటిదాకా నలుగురూ ఈ టేబుల్ చుట్టూ కూర్చుని, కాగితం మీద గీతలు గీసుకుని హాయిగా ఆడుకున్నారు. అంతలో కుందేలు మెట్ల మీదనుంచి దూకి కాలు విరగ్గొట్టుకున్నాడు. బడి పరుగుపందెంలో ఎప్పుడూ వాడే ఫస్టు, అందుకే ఆ పేరు. ఇప్పుడు కాలికి సిమెంటు కట్టుతో, ఊరికి ఆ చివర వాళ్ళ అమ్మమ్మ ఇంట్లో మంచం మీద ఉన్నాడు. అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగాలకు వెళ్ళిపోతే పగలు చూసుకునేవాళ్ళు ఉండాలి కదా.

ఆట కూడా సరిగ్గా ఆగకూడని చోట ఆగింది. కథలో కుందేలు ఒక దొంగ. ఎంతటి తాళమైనా తీసేస్తాడు. నిధి కోసం పాడుబడ్డ కోటలోని బావిలోకి తాడు పట్టుకుని దిగుతున్నాడు. మిగతా ఇద్దరి వీరులూ పైన గట్టు మీద ఉన్నారు. సగం దిగాడో లేదో, తాడు తెగడం మొదలైంది. అప్పటికే చీకటి పడుతోందని ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆ దొంగ ఇప్పటికీ బావిలో వేలాడుతూనే ఉన్నాడు.

"కుందేలుకు ఫోన్ చేసి ఆడేద్దాం" అని గుండు, కాలు విరిగాక వచ్చిన మొదటి శనివారమే అన్నాడు. సెలూన్ కుర్చీలో కునుకు తీసి లేచేసరికి గుండైపోయిన పిల్లాడు వాడు.

"ఫోన్‌లో పాచిక కనపడదు కదా. వాడికి ఒకటి పడి ఆరు అని చెప్తే?" అంది సోడాబుడ్డి. లావుపాటి కళ్ళజోడులోంచి లోకాన్నంతా అనుమానంగా చూడడం ఆ పిల్లకు అలవాటు.

మాస్టర్‌కు ఆ మాట భలే నచ్చింది. తనకు కావలసింది అలాంటి సాకే. కుందేలు కోసం ఒక మంచి సాఫ్ట్‌వేర్ చూస్తానంది.

ఆ చూడడమేదో ఇంకా తెమల్లేదు. మొదట దొరికిన దాంట్లో పాచికలు బ్రహ్మాండంగా దొర్లాయి, మ్యాపు లేదు. తర్వాతి దాంట్లో మ్యాపు ఉంది, మాట వినపడదు. ఇంకోదాంట్లో అన్నీ ఉన్నాయి కానీ, అవెలా వాడాలో నేర్చుకునే లోపల మాస్టర్ పదో తరగతికి వచ్చేసేలా ఉంది. ఇప్పుడు తెరుస్తున్నది అన్నిటికన్నా గొప్పది. ఇందులో బావి నీళ్ళు కదులుతాయి. కాగడా వెలుగు పడ్డంత మేరే కనిపిస్తుంది. ఆ వెలుగు చూసి మాస్టర్ మనసు పారేసుకుంది. వారమంతా కూర్చుని బావి రాళ్ళు ఒక్కొక్కటే పేర్చింది.

సాఫ్ట్‌వేర్ మారినప్పుడల్లా అందరూ కొత్త అకౌంట్ తెరవాలి, కొత్త పాస్‌వర్డ్ పెట్టాలి, తమ వీరుల వివరాలన్నీ మళ్ళీ టైప్ చేయాలి. టేబుల్‌కు అటువైపు సోడాబుడ్డి పక్కన కూర్చున్న గుండుకు చిర్రెత్తుకొచ్చింది.

"మార్చినప్పుడల్లా ఏదో ఒకటి మర్చిపోతున్నా. మా వీరుడికి కత్తి పోయింది, గుర్రం పోయింది. ఇంకోసారి మారిస్తే చెడ్డీతో మిగులుతాడు" అన్నాడు.

"ఇదే ఆఖరు" అంది మాస్టర్.

"పోయినవారం కూడా ఇదే అన్నావు" అంది సోడాబుడ్డి.

అప్పుడే మాస్టర్ వాళ్ళ నాన్న గుమ్మంలోంచి తొంగిచూశాడు. "ఏమ్మా, దొంగ పైకొచ్చాడా?"

"ఇంకా సాఫ్ట్‌వేర్ చూస్తున్నాం నాన్నా."

"మా ఆఫీసులోనూ అంతే. ఏది మంచిదో చూడమని ఒక కమిటీ వేశారు. ఆ కమిటీలో నేనూ ఉన్నాను" అని నిట్టూర్చి, వచ్చినదారినే వెళ్ళిపోయాడు.

ఫోన్ మోగింది. కుందేలు.

"మాస్టర్, నాకు అంతా తెల్లగా వస్తోంది. మధ్యలో చక్రం ఒకటి తిరుగుతోంది. ఫోన్ పెనంలా కాలిపోతోంది."

మాస్టర్‌కు ఒళ్ళు మండింది. "నీకే ఎందుకురా ఎప్పుడూ ఇలా అవుతుంది? పోయినసారీ ఇంతే, అంతకుముందూ ఇంతే. అప్పుడు మా అందరికీ వచ్చింది కదా. ఇదంతా ఎవరికోసం చేస్తున్నాననుకుంటున్నావు? నీ కోసమే."



"పోనీ నన్ను తీసేయ్" అన్నాడు కుందేలు.

"తీసేయడమేంటి?"

"తాడు తెగింది, దొంగ పడిపోయాడు అని చెప్పేయ్. అప్పుడు మీరు ముగ్గురూ టేబుల్ దగ్గరే ఆడుకోవచ్చు. నా గురించి ఆగక్కర్లేదు."

మాస్టర్ ఏదో అనబోయేలోగా ఫోన్ చేతులు మారింది.

"అమ్మాయ్, నేను వీడి అమ్మమ్మని. ఈ ఆట ఎప్పుడు మొదలెడతారో కాస్త ఖాయంగా చెప్పమ్మా. ప్రతి శనివారం పొద్దున్నే లేచి, తల దువ్వమంటాడు, చొక్కా మార్చమంటాడు. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు. సాయంత్రానికి చూస్తే మొహం వేలాడేసుకుని ఉంటాడు. బడి లేదు, స్నేహితులు లేరు, నాతో ఎంతసేపని మాట్లాడతాడు? నా దగ్గర మోకాళ్ళ నొప్పి కబుర్లు తప్ప ఏమున్నాయి?"

మాస్టర్ తల దించుకుంది. సిగ్గేసింది. ఫోన్‌లో ఆడే ఆటకి తల దువ్వుకుని కూర్చున్నాడట. ఇన్ని రకాల సాఫ్ట్‌వేర్లు చూసింది, వాటి గురించి ఎవరెవరో ఏమన్నారో చదివింది. వాడి ఫోన్ ఎలాంటిదో మాత్రం వాణ్ణి ఒక్కసారీ అడగలేదు.

"అమ్మమ్మగారూ, ఒక్కసారి వాడికివ్వరా?" అంది.

తెర మీద బావి అప్పుడే తెరుచుకుంది. నీళ్ళు మెల్లగా కదులుతున్నాయి. మాస్టర్ వాటిని ఒక్క క్షణం చూసి, కంప్యూటర్ ఆపేసింది. గుండు నోరు తెరిచాడు.

"ఒరేయ్, ఇందాక అరిచాను. తప్పు నాదే" అంది ఫోన్‌లో. "నీ ఫోన్‌లో ఏవేవి పనిచేస్తాయో చెప్పు."

కుందేలు ఆలోచించాడు. "నీ మాట వినపడుతుంది."

"ఇంకా?"

"టార్చిలైటు వెలుగుతుంది."

"మాట వినపడితే చాలు" అంది మాస్టర్. ఫోన్ స్పీకర్లో పెట్టి టేబుల్ మధ్యలో ఉంచింది. "పాచిక ఉందా?"

అటువైపు అలమర తలుపు కిర్రుమంది. డబ్బాలు దించుతున్న చప్పుడు, అమ్మమ్మ గొణుగుడు వినిపించాయి. "దొరికింది" అన్నాడు కుందేలు. సోడాబుడ్డి ఏదో అందామనుకుని మాస్టర్ మొహం చూసి ఊరుకుంది.

మాస్టర్ కళ్ళు మూసుకుంది. "నువ్వు బావిలో ఉన్నావు. చుట్టూ చీకటి. రాళ్ళు తడిసి జారుతున్నాయి. పైన నీ తాడు పోగు పోగుగా తెగుతోంది. ఏం చేస్తావ్?"

"గోడలో రాయి ఒకటి పట్టుకుంటా."

"పాచిక వెయ్."

అటువైపు ఏదో పళ్ళెంలో పాచిక టకటకా దొర్లి ఆగింది.

"ఒకటి" అన్నాడు కుందేలు. గొంతు నీరసంగా ఉంది.

ఆరు అన్నా వీళ్ళెవరికీ తెలిసేది కాదు. సోడాబుడ్డి కళ్ళజోడు తీసి గౌను అంచుతో తుడవడం మొదలుపెట్టింది. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

మాస్టర్‌కు చెప్పబుద్ధి కాలేదు. కానీ ఆటంటే ఆటే. "చేయి జారింది. తాడు తెగిపోయింది. నువ్వు కిందికి..."

"తాడు కొస నేను పట్టుకున్నా" అన్నాడు గుండు లేచి నిలబడి.

"గుండు పడిపోకుండా నేను వెనకనుంచి పట్టుకున్నా" అంది సోడాబుడ్డి. కళ్ళజోడు పెట్టుకోవడం కూడా మర్చిపోయింది.

"ఇద్దరూ పాచికలు వేయండి."

గుండుకు ఐదు పడింది. సోడాబుడ్డికి నాలుగు. అంకెలు గట్టిగా, కుందేలుకు వినిపించేలా చెప్పారు.

"తాడు ఆగింది" అంది మాస్టర్. ఊపిరి పీల్చుకుంది. "పైన ఇద్దరూ పళ్ళబిగువున లాగి పట్టుకున్నారు. నీ కాళ్ళకు గోడ తగిలింది. ఇప్పుడేం చేస్తావ్?"

"ఒరేయ్ నాయనా, పాలు చల్లారిపోతున్నాయి. తాగేసి ఆడుకోరాదూ?" అమ్మమ్మ గొంతు వినిపించింది.

"కాసేపాగు అమ్మమ్మా" అన్నాడు కుందేలు. "నేను ఎక్కుతున్నా."