నెలనెలా నాటకం

"అబ్బా… అమ్మా…" అని లోపలి గదిలోంచి మూలుగు వినిపించింది.

"ఇంకొంచెం గట్టిగా," అంది టైలరమ్మ గుమ్మంలో నిలబడి గొంతు తగ్గించి. "ముందు గదిలోకి వినపడొద్దూ?"

మంచం మీద పడుకున్న పిల్ల కళ్లు తెరవకుండానే, "ఇంతకంటే గట్టిగా మూలిగితే అంబులెన్సు వస్తుంది" అంది.

"నోర్ముయ్. వేణ్ణీళ్ల సంచీ పొట్ట మీద పెట్టుకో."

"అది ఎప్పుడో చల్లారిపోయింది."

"చల్లారితే నీకొచ్చిన నష్టమేంటి? ఎలాగూ నొప్పి లేదుగా!"

ఆ ఇంట్లో ముందు గదే కొట్టు. కిటికీ పక్కన రెండు కుట్టుమిషన్లు, మధ్యలో బట్ట కత్తిరించే పెద్ద బల్ల, గోడ వారగా యూనిఫాంల గుట్ట. బళ్లు తెరిచే రోజులు కావడంతో ఊపిరి సలపడం లేదు. ఇంటాయన దూరప్రాంతాల బస్సు నడుపుతాడు. ఎప్పుడో వారానికోసారి ఇల్లు చేరతాడు, ఆడవాళ్ల సంగతుల్లో తల దూర్చడు. కాబట్టి కొట్టూ, సంసారమూ, కాలేజీ చదివే కూతురూ, అన్నీ టైలరమ్మ నెత్తినే. వీధి వీధంతా ఆవిణ్ణి ఆ పేరుతోనే పిలుస్తుంది.

ఇంకో మనిషి ఆవిడ అక్క. పెళ్లయిన కొన్నేళ్లకే, "పిల్లలు పుట్టనిదాన్ని మాకు అంటగట్టారు" అని మొగుడూ అత్తా కలిసి పెట్టెతో సహా సాగనంపితే, వచ్చి చెల్లెలి పంచన చేరింది. అప్పట్నుంచీ కిటికీ దగ్గర కూర్చుని కాజాలు కుట్టడం, గుండీలు వేయడం ఆవిడ పని. మనిషి మహా పొడుగు. పిల్లకీ అదే పొడుగొచ్చింది. "మీ ఇంట్లో బల్బు మార్చాలంటే నిచ్చెనతో పన్లేదు, నడిచేవి రెండున్నాయి" అని వీధిలో వాళ్ల వేళాకోళం.

పిల్ల సంగతి ఇదీ. తోటి ఆడపిల్లలందరికీ నెలసరి మొదలైనా తనకు మొదలవలేదు. చూసి చూసి పెద్దాసుపత్రికి తీసుకెళితే, పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ తల్లినీ కూతుర్నీ కూర్చోబెట్టి చెప్పింది. పిల్లకు గర్భసంచి లేదు. క్రోమోజోములు మగపిల్లల్లో ఉన్నట్టే ఉన్నాయి, కానీ మగ హార్మోను చెప్పే మాట ఆ ఒంటికి అందదు, అందుకే కడుపులో ఉన్నప్పుడే ఆడపిల్లగా పెరిగింది. "ఆడా మగా అన్నది ఒక్క క్రోమోజోముతో తేలిపోయే లెక్క కాదమ్మా. లోపలి గ్రంథులున్నాయి, హార్మోన్లున్నాయి, పైకి కనిపించే రూపముంది, మనిషి తన్ను తాను ఏమనుకుంటుందో అదీ ఉంది. చాలామందిలో ఇవన్నీ ఒకే దారిన పోతాయి, కొందరిలో పోవు. మీ అమ్మాయి మాత్రం ఆడపిల్లే" అంది.

అంత విడమరచి చెప్పినా టైలరమ్మ చెవికెక్కింది 'మగ' అన్న మాటొక్కటే. ఆ మాట ఎవరి చెవిన పడిందోనని ఇంటికొచ్చేదాకా వెనక్కి తిరిగి చూసుకుంటూనే నడిచింది.

అప్పుడు మొదలైంది ఈ నాటకం. నెలకోసారి పిల్లను పడుకోబెట్టడం, వేణ్ణీళ్ల సంచీ, మూలుగులు, కొట్టుకొచ్చిన ప్రతి ఆడమనిషి దగ్గరా "ఏం చేస్తాం, ఆడపుట్టుక" అని ఒక నిట్టూర్పు. వీధిలో ఆడవాళ్లంతా కొలతలివ్వడానికి ఆ బల్ల దగ్గరికే వస్తారు మరి. అక్కడ ఒక్క అనుమానం పుడితే సాయంత్రానికల్లా ఊరంతా చుట్టొస్తుంది. పిల్ల పదిమంది నోళ్లలో నానుతుంది. సొంత అక్కకి కూడా టైలరమ్మ ఈ సంగతి చెప్పలేదు.

"ఏమేవ్, ఈ పక్క నొప్పి ఇవాళా తగ్గలేదే" అంది అక్క, పొత్తికడుపు మీద ఒక పక్క చెయ్యి నొక్కుకుంటూ.

"పొద్దస్తమానం కూర్చుంటే రాదా మరి? బామ్ రాసుకో అక్కా" అంది టైలరమ్మ మిషన్ తొక్కుతూ.

అంతలో పంతులమ్మ వచ్చింది. పక్క వీధి బళ్లో పాఠాలు చెప్తుంది. కొత్త జాకెట్టు వేసుకుని చూసి, భుజాల దగ్గర బిగుతుగా ఉందని పేచీ పెట్టి, ఆఖరికి బాగానే ఉందని ఒప్పుకుంది. లోపల్నుంచి మూలుగు వినపడగానే చెవులు రిక్కించింది.

"అమ్మాయికేమైంది?"

"ఆ రోజులండీ. ఏం చేస్తాం, ఆడపుట్టుక."

"అదేంటీ, నేను కొలతలివ్వడానికొచ్చిన రోజూ ఇదే మాటన్నారుగా? నెల్లో సగమైనా తిరగలేదు!"

టైలరమ్మ కాలు మిషన్ మీదే ఆగిపోయింది. నిజమే. యూనిఫాంల హడావుడిలో పడి ఒకే నెలలో పిల్లను రెండుసార్లు పడుకోబెట్టేసింది.

"ఆ రోజు మూలిగింది అది కాదు పంతులమ్మగారూ, నేను" అంది అక్క, తలెత్తకుండా. "ఈ పక్క నొప్పొకటి పట్టుకుంది. మా చెల్లి కంగార్లో ఏదో అనుంటుంది."

"గొంతు చిన్నపిల్లలా ఉందే?"

"మా ఇంట్లో అందరి మూలుగూ ఒకేలా ఉంటుంది లెండి."

పంతులమ్మ నవ్వేసి జాకెట్టు తీసుకుని వెళ్లిపోయింది. టైలరమ్మ లేచి వీధి తలుపు దగ్గరగా వేసింది.

"ఎందుకక్కా అలా చెప్పావు?"

అక్క పంటితో దారం తెంపింది. "నెల తిరక్కుండా రెండుసార్లు పడుకోబెడితే అనుమానం రాదుటే? మన అమ్మ ఎప్పుడూ ఇలా తప్పలేదు."

"మన అమ్మేంటి?"

"నన్ను పడుకోబెట్టింది అమ్మే కదా. 'అక్కకి ఒంట్లో బాలేదు, గదిలోకి వెళ్లకు' అని నిన్ను బయట కూర్చోబెట్టేది. నాకు నొప్పీ లేదు, పాడూ లేదు. గోడవైపు తిరిగి మూలిగేదాన్ని. అత్తారింట్లోనూ మూలిగాను. అక్కడెన్నాళ్లు సాగుతుంది? దొరికిపోయాను." సూదిని బట్టకు గుచ్చి పక్కన పెట్టింది. "పిల్ల మూలుగు మొదటి నెలే పోల్చుకున్నాను. నువ్వే చెప్తావని చూస్తున్నాను."

లోపలి గది గుమ్మంలో పిల్ల నిలబడి ఉంది. ఎప్పుడు లేచి వచ్చిందో!

"పెద్దమ్మా, నీకూ రాలేదా?"

"రాలేదే తల్లీ. ఎవరి ఉసురు పోసుకున్నానో, దేవుడు నన్నొక్కదాన్నే ఇలా పుట్టించాడనుకున్నా."

"ఉసురూ లేదు, నువ్వొక్కదానివీ కాదు!" పిల్ల వచ్చి ఆవిడ మోకాళ్ల దగ్గర కూర్చుంది. తనకు డాక్టరమ్మ చెప్పిందంతా గబగబా చెప్పింది. "ఇది అమ్మవైపు నుంచి వస్తుందిట. అమ్మమ్మ నుంచి నీకొచ్చి ఉంటుంది, అమ్మ నుంచి నాకొచ్చింది. లోపలున్న గ్రంథులు వయసు పెరిగేకొద్దీ పాడవచ్చుట, చూపించుకుంటూ ఉండాలిట. మీవైపు ఇలాంటివాళ్లు ఇంకెవరైనా ఉంటే తీసుకురమ్మని డాక్టరమ్మ అడిగింది. అమ్మేం చెప్పిందో తెలుసా?"

"ఒసే, నోర్ముయ్యవే!"

"ఎవరూ లేరంది."

పొత్తికడుపు మీద ఉన్న అక్క చెయ్యి అక్కడే ఉండిపోయింది.

టైలరమ్మకు నేల చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది. తెలియక అన్న మాటైతే ఇంత సిగ్గుండేది కాదు. ఒకే మంచం మీద పెరిగారు ఇద్దరూ. తను పెద్దమనిషయ్యాక అక్క బట్టలూ తన బట్టలూ కలిపి ఉతికింది తనే. అక్క ఒంట్లో ఏం లేదో ఆ చేతులకు తెలియదా? డాక్టరమ్మ అడగ్గానే మనసులో మెదిలింది అక్క మొహమే. మెదిలినంత వేగంగానూ "లేరు" అనేసింది.

"లేరన్నావా?" అంది అక్క మెల్లిగా. "పోనీలే. నేనున్నానని మాత్రం ఎవరెప్పుడు చెప్పారు గనక."

తిట్టి ఉంటే తట్టుకునేది. లాగి ఒకటి కొట్టినా సరే. టైలరమ్మ బల్ల అంచు పట్టుకుని కూలబడింది.

"సిగ్గేసిందక్కా."

"ఎవర్ని చూసి?"

"నిన్ను చూసే." అన్నాక ఇంక ఆగలేదు, ఏడుపూ మాటా కలిసిపోయాయి. "నీ గతే దీనికీ పడుతుందని భయమేసింది. నా వల్లే వచ్చిందని తెలిస్తే ఆయన ఏమంటారోనని భయమేసింది. నువ్వు పక్క నొప్పి అంటున్నా బామ్ రాసుకోమన్నాను. దొంగ నొప్పికి వేణ్ణీళ్లు కాచి, నిజం నొప్పికి… నేను మనిషినేనా అక్కా?"

"మనిషివే. అమ్మ పోలిక వచ్చింది, అంతే."

ఆ మాట చెంపదెబ్బకంటే గట్టిగా తగిలింది. టైలరమ్మ కొంగుతో మొహం తుడుచుకుని ఫోను తీసింది. ఆసుపత్రిలో ఎవరో ఎత్తారు.

"మేము… మా అమ్మాయిని చూపించాం. డాక్టరమ్మగారు ఒక మాట అడిగారు, నేను తప్పు చెప్పాను…" అలవాటు కొద్దీ గొంతు గుసగుసలోకి దిగిపోయింది.

"వినపడటం లేదమ్మా! కొంచెం గట్టిగా చెప్పండి!"

కిటికీ బార్లా తెరిచే ఉంది. అవతల ఎదురింటావిడ అరుగు ఊడుస్తోంది. టైలరమ్మ ఆ కిటికీవైపు చూసింది. తర్వాత అక్కవైపు చూడబోయి, చూడలేక తల దించుకుంది.

"మా వంశంలో ఇలాంటివాళ్లు ఉన్నారండీ!" అంది గట్టిగా. "మా అక్క. తోడబుట్టిన అక్క. లేరని నేను అబద్ధం చెప్పాను. ఆవిడకి నొప్పిగా ఉంది. చూస్తారా?"

ఎదురింట్లో చీపురు చప్పుడు ఆగింది. ఆగితే ఆగింది. అవతలివాళ్లు చెప్పింది విని, టైలరమ్మ ఫోను పెట్టేసింది.

"రేపు పొద్దున రమ్మన్నారు" అంది నేలకేసి చూస్తూ. "ఇద్దర్నీ."

అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. పెట్టెతో ఈ గుమ్మం ఎక్కిన రోజున కూడా ఏడవని మనిషి, ఏడుస్తూనే పిల్ల జుట్టులోకి వేళ్లు పోనిచ్చింది.

"ఇద్దర్నీనా?"

"అవునక్కా. ఇద్దర్నీ."

"ఇద్దరమా…" అని ఆవిడ తనలో తనే అనుకుంది, మళ్లీ అనుకుంది.