కళ్లల్లో పచ్చ పోయాక

పెరంబూరులో ఆ వీధివాళ్లు కామెర్లొస్తే ముందు అలమేలు గడప తొక్కేవాళ్లు. ఆ ఆదివారం పొద్దున కూడా ఆమె నేల ఉసిరి నూరి, మజ్జిగలో కలిపి ఇద్దరికి తాగించి పంపింది. మందుకి పైసా ముట్టదు. నలభై ఎనిమిది దినాలు ఉప్పూ నూనే మానాలి. కళ్లల్లో పచ్చ పోతే రోగం పోయినట్టే.

లోపల ఎనిమిదో నెల కడుపుతో కోడలు భువనేశ్వరి బియ్యం ఏరుతోంది. ఏడు నెలల కిందట ఆమెకీ అత్తే మందిచ్చింది. కళ్లు తెల్లబడ్డాయి. నిన్న ఆస్పత్రిలో మాత్రం, రక్తంలో హెపటైటిస్ బి ఇంకా ఉందన్నారు.

"అత్తా, బిడ్డకి ఇది అంటకుండా పుట్టిన దినమే సూది వేయించాలంట."

"పురిటి స్నానం కాకముందే పసిగుడ్డుకి సూదా? నీకు ఎప్పుడో నయమైపోయె. పోయి అద్దంలో చూసుకోమ్మా!"

"కళ్లు కాదత్తా, రక్తం. ఆరు నెలలు దాటినా ఉందంటే ఏండ్ల తరబడి ఉంటాదంట. ఉన్నన్నాళ్లూ ఇంకొకరికి అంటతాదంట."

"ఓహో! నీతో కలిసి తినిన నాకు అంటలేదే?"

"తిండితో అంటదంట. రక్తంతో, కాపురంతో, కాన్పుతో అంటతాదంట."

అలమేలు గొంతు లేచింది. "ఈ చేత్తో ఎంతమందికి మాన్పినా! మీ మామకి మాన్పలా? రెండు నెలల్లో లేచి పనికి పోయె."

"మరి మామ ఎట్లా పోయినారు?"

"దానికీ దీనికీ ఏందే? అది తగ్గిన పదేండ్లకి దొంగతనంగా తాగి, కడుపులో నీళ్లు చేరి, నెత్తురు కక్కి పోయె!"

ఇంతసేపూ గుమ్మంలో నిలబడి వింటున్న కొడుకు చంద్రు అన్నాడు. "అమ్మా, నాయన తాగేది ఎవరు చూసినారు?"

"డాక్టరే అడిగె కదరా, తాగతాడా అని!"

"అడిగినాడు. నాయన లేదనె. నువ్వే నమ్మలా."

భువన గొంతు తగ్గించింది. "తాగకున్నా ఇది లోపలే ఉండి లివర్ని కుళ్లబెడతాదంట అత్తా."

"నీ తోడు, చుక్క ముట్టలేదే," అని అప్పట్లో భర్త యతిరాజులు చెప్పిన ప్రతిసారీ అలమేలు మొహం తిప్పుకుంది. చివరి దినాల్లో ఆయన దాహమంటే, "ఆ సారా అంగడికే పోయి తాగు," అంది. ఆయన నిజంగానే లేవబోయి కింద పడ్డాడు.

ఆమె గోడకి ఆనుకుని నేల మీద కూలబడింది. "చంద్రూ, ఆయన్నించి నాకూ, నా కాన్పులో నీకూ వచ్చుంటాదేమోరా," అంది.

"పరీక్షకి రక్తం ఇచ్చొచ్చినానమ్మా. మంగళవారం చెప్తారు."

అలమేలు కోడలి కడుపు మీద చెయ్యి వెయ్యబోయి వెనక్కి తీసుకుంది. భువనే ఆ చెయ్యి పట్టుకుని పెట్టుకుంది. లోపల బిడ్డ కదిలింది. అలమేలు ఒక్కసారిగా భోరుమంది.

"పుట్టిన గంటలోనే వేయించండి. నన్ను అడగబాకండి."