పాకం పాకలో మొదటి తీగ

మార్చి ఆఖర్లో అమెరికాలోని మా వెర్మాంట్ కొండల్లో రోడ్లు ఉంటాయి గానీ, వాటి మీద నమ్మకం ఉండదు. మంచు కరిగి, మట్టి రోడ్డంతా అంబలి అవుతుంది. ఊరివాళ్లు కుడిపక్క గడ్డి మీదుగా చక్రాలు పోనిస్తారు. బయటివాళ్లు ఫోనులో మ్యాపు చూసుకుంటూ నడిమధ్యన పోనిస్తారు. మ్యాపులో బురద చూపించరు కదా.

మార్నీ కోవాల్ నడిమధ్యనే పోనిచ్చింది.

ఎర్ర కారు ఇరుసుల దాకా దిగబడింది. మార్నీ కిందికి దిగింది, మరికాస్త దిగింది. ఆమె బూట్లు కొన్నప్పుడు తెలుపు. ఇప్పుడు ఏ రంగో తెలపడం కష్టం.

కాసేపటికి ఒక ట్రాక్టరు, దాని మీద ఆల్డెన్ పెల్కీ ప్రత్యక్షమయ్యారు. ఇరవై ఎనిమిదేళ్ల కుర్రాడు. ఒంటి నిండా కట్టెల పొగ వాసన, మొహం నిండా తీరిక.

“మధ్యలో వెళ్లారా?” అన్నాడు.

“రోడ్డు మధ్యలోనే కదా ఉంది?”

“మా ఊళ్లో రోడ్డు పక్కన ఉంటుందండీ. మధ్యలో ఉండేది వసంతం.”

గొలుసు కట్టి లాగాడు. కారు పెద్ద ముద్దు చప్పుడు చేస్తూ బయటికొచ్చింది. ఆ చప్పుడుకి ఇద్దరూ చెరోవైపు చూశారు. మార్నీ తేరుకుని పర్సులోంచి ఇరవై డాలర్ల నోటు తీసింది.

“వద్దండి. ఇక్కడ బురదకి రేటు లేదు.”

“ఊరికే చేయించుకోవడం నాకు ఇష్టం ఉండదు.”

“ఊరికే అని ఎవరన్నారు? లాగించుకున్నవాళ్లు మా పొయ్యిలో గంటసేపు కట్టెలు వెయ్యాలి. మా తాత పెట్టిన రూలు. కిందటేడు పాస్టరుగారు వేశారు. ఆ ముందేడు టాక్సుల ఆఫీసరు వేశాడు, ఆయన రెండు గంటలు.”

“ఆయనకెందుకు రెండు?”

“టాక్సుల ఆఫీసరు కదా.”

మార్నీ నవ్వు ఆపుకుని కాగితాలు సర్దుకుంది. “నేను పెల్కీ గారిని కలవాలి.”

“మా ఊళ్లో పెల్కీ అని కేకేస్తే సగం మంది మనుషులూ, రెండు కుక్కలూ పలుకుతాయి. ఏ పెల్కీ?”

“హార్లన్ పెల్కీ. మేపుల్ పాకం కాచే ఆయన.”

“అయితే పొయ్యీ అక్కడే, పెల్కీ అక్కడే. రండి.”

పెల్కీల పాకం పాక కొండవాలులో ఉంది. మేపుల్ చెట్లకి బెజ్జం పెట్టి, కారిన నీళ్లు పట్టి, పొడుగాటి తొట్టిలో పోసి మరిగిస్తారు. నలభై గ్యాలన్ల చెట్టునీళ్లు ఇగిరితే ఒక గ్యాలన్ పాకం. మిగతాదంతా ఆవిరై పాక కప్పులోంచి ఆకాశానికి. ఈ వ్యాపారంలో అసలైన లాభం మేఘాలదే.

హార్లన్ తాతకి ఎనభై ఒకటి. ఆయన నవ్వగా చూసినవాళ్లు ఊళ్లో ఎవరూ బతికి లేరు. మార్నీ కట్టెలు వేస్తూనే వచ్చిన పని చెప్పింది. ఆమె ఉద్యోగం సీసాల మీద కథలు రాయడం. ‘కొండ ఒడిలో, మంచు తడిలో’ అని ఆమె ప్రాస వేస్తే, సీసా ఒక డాలరు ఎక్కువకి అమ్ముడుపోతుంది. ఆమె కంపెనీకి సీసా సిద్ధంగా ఉంది, సరుకు సిద్ధంగా ఉంది, తాత ఒక్కడే తక్కువ. ‘పెల్కీ తాత సిరప్’ అని పేరు కూడా పెట్టేశారు. మన పెద్దలు మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అంటారే, సరిగ్గా అదే వ్యాపారం. కాకపోతే తాత వేరేవాళ్ల తాత.

హార్లన్ నమూనా సీసా తిప్పి చూశాడు. “ఇందులో మేపుల్ ఎంతుంది అమ్మాయ్?”

“లేబుల్ మీద ఒక ఆకు ఉందండీ.”

“లోపల?”

“మొక్కజొన్న సిరప్.”

“అయితే మొక్కజొన్న తాత ఎవడైనా ఉంటే వాడి ఫోటో వేసుకోండి.”

“మీ పేరు, మీరు నవ్వుతున్న ఫోటో ఒకటి, ‘ఇది మా తాత చేతి పాకం’ అని మీ మనవడు ఒక్క మాట. అంతే చాలు. బదులుగా కంపెనీ ఒక మిలియన్ డాలర్లు ఇస్తుంది.”

హార్లన్ మరుగుతున్న తొట్టిలోంచి గరిటె పైకి తీశాడు.

“పాక వాడి పేర రాసేశాను, పేరు ఇద్దరిదీ,” అన్నాడు హార్లన్ మనవడి వైపు గరిటె చూపించి. “వాడి ఇష్టం. నవ్వే పని మాత్రం నాకు పెట్టొద్దు.”

ఆల్డెన్ వెంటనే కాదనలేదు. కాదనడానికి వీల్లేని కారణం రోడ్డుకి అవతల నిలబడి ఉంది. పెల్కీల చెట్లలో సగం ఆ తోపులోవే, అద్దెకి తీసుకున్నవి. తోపు సొంతదారు అమ్మకానికి పెట్టింది. స్కీయింగ్‌కి వచ్చేవాళ్ల కోసం ఇళ్లు కట్టే ఆసామి ఒకడు అప్పటికే టేపు పట్టుకుని చెట్ల మధ్య తిరుగుతున్నాడు. మే నెలలోగా ఆల్డెన్ కొనకపోతే, వందేళ్లుగా పెల్కీలు బెజ్జాలు పెట్టిన చెట్లు కట్టెలవుతాయి. ఒక్క మాటకి ఒక తోపు. ప్రపంచంలో ఇంతకంటే చవగ్గా ఎవరికీ అడవి దొరికి ఉండదు.

“ఆలోచించుకోండి,” అంది మార్నీ. “శనివారం చర్చి విందులో షూటింగ్ పెట్టుకున్నాం. అది అవగానే సంతకం.”

సంతకం అన్న మాటలోనే సంత ఉంది. ఆ ముక్క అప్పుడెవరికీ తట్టలేదు.

మర్నాడు మార్నీ మళ్లీ వచ్చింది.

“నిన్నటితో మీ గంట అయిపోయింది,” అన్నాడు ఆల్డెన్.

“నిన్న వేసిన కట్టెలు తడివట. మీ తాతగారు లెక్కలోకి రావన్నారు.”

“అని తాత అన్నాడా?”

“అనే మొహం పెట్టారు.”

మూడో రోజుకి మీరు పోయి నువ్వు వచ్చింది. బయట వాన, మంచు, వాన కాని మంచు, మంచు కాని వాన వంతులవారీగా కురుస్తున్నాయి. లోపల తొట్టి మీది ఆవిరిలో ఒకరికొకరు సరిగా కనపడరు. అందుకే ధైర్యంగా తెగ చూసుకున్నారు. ఆల్డెన్ గరిటె ముంచి ఎత్తి, అంచున పాకం తెరలా జారుతోందో, చుక్కలుగా రాలుతోందో చూపించేవాడు.

“ఇంకా లేత పాకమే,” అనేవాడు.

“దేని గురించి అంటున్నావు?”

“తొట్టి గురించి.”

“సరే, తొట్టి గురించే అనుకుంటాలే.”

“ఒక మాట అడగనా?” అంది ఒకసారి. “నా ఇరవై డాలర్లు వద్దన్నవాడివి మిలియన్ తీసుకుంటావా?”

“ఇరవై వద్దంటే మర్యాదస్తుడంటారు. మిలియన్ వద్దంటే వెర్రివాడంటారు. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందో మీ కంపెనీకి తెలుసేమో కనుక్కో.”

ఆమె నవ్వలేదు. పొయ్యిలో ఇంకో కట్టె వేసింది. అవసరం లేకపోయినా.

శనివారం వచ్చింది. చర్చి హాల్లో బల్లల మీద పళ్లేల నిండా తెల్లటి మంచు, పక్కన డోనట్లు, పుల్లటి దోసకాయ ఊరగాయ. కాగిన పాకం మంచు మీద పోస్తే తీగలా బిగుసుకుంటుంది. ఫోర్కుకి చుట్టి తినడం, మొహం మొత్తితే దోసకాయ కొరకడం, మళ్లీ తీపికి రావడం. కాపురాలు కూడా ఇలాగే నడుస్తాయని పాస్టరుగారు ప్రతి ఏడూ అంటారు. పాస్టరమ్మగారు ప్రతి ఏడూ దోసకాయ వైపే చూస్తారు.

డైరెక్టరు దీపాలు పెట్టించి, కంపెనీ సిరప్ కాయించి, మంచు మీద పోయించాడు. అది తీగ కాలేదు. మంచులో గోధుమరంగు బిలం చేసుకుని అడుక్కి పోయింది. ఇంకోసారి పోశారు. రెండో బిలం.

“ఎలకలు కాపురానికి రావొచ్చు,” అంది వెనక బల్ల మీంచి ఎడ్నా గుడ్రో. తనకి అరవై ఏళ్లు వచ్చినప్పటి నుంచీ చర్చి వంటగదికి ఆవిడే యజమాని.

డైరెక్టరు మార్నీ వైపు చూశాడు. ఇలాంటి బిలాలు పూడ్చడానికే ఆమెకు జీతం.

“పెల్కీల అసలు పాకం పోయండి,” అంది మార్నీ, ఎవరి మొహం చూడకుండా. “ఆల్డెన్ చేతిలో మాత్రం మన సీసా ఉంటుంది.”

“భేష్,” అన్నాడు డైరెక్టరు. “మొదటి తీగ మేం తెచ్చిన హీరోయిన్‌కి తినిపించు బాబూ.”

“కుదరదు,” అన్నాడు హార్లన్ కూర్చున్న చోటు నుంచే. “మొదటి తీగ కాచినవాడిది. లేదా వాడి ఇంటి మనిషిది. ఇక్కడ ఎప్పుడూ అంతే.”

“ఇంటి మనిషిలా నటిస్తుంది పెద్దాయనా.”

“నటించేవాళ్లకి దోసకాయ పెడతాం, కూర్చోమను.”

సరే, తీగ సంగతి తర్వాత చూద్దామన్నారు. అసలు పాకం పోశారు. మంచు మీద బంగారు తీగ మెరిసింది. ఆల్డెన్ చేతిలో మొక్కజొన్న సీసా. కెమెరా తిరిగింది.

“ఇది మా తాత చేతి...”

ఆగిపోయాడు. మళ్లీ తిప్పారు. “ఇది మా తాత...” మూడోసారి “ఇది” దగ్గరే ఆగింది. హాల్లో ఉన్నవాళ్లంతా పాలపళ్లతో పెల్కీల పాకం కొరికినవాళ్లే. అందరూ ఆల్డెన్ నోటి వైపే చూస్తున్నారు. తాతైతే తల కూడా ఎత్తలేదు, దోసకాయ నములుతున్నాడు. కిటికీలోంచి దూరంగా అమ్మకానికి పెట్టిన తోపు కనిపిస్తోంది. ఆల్డెన్ దాన్ని చాలాసేపు చూశాడు.

“సార్, ఈ సీసాలోదే మంచు మీద పోయండి. అప్పుడు చెప్తాను.”

“అది నిలవదు కదయ్యా.”

“అయితే నేనూ నిలవలేను.”

సీసా బల్ల మీద పెట్టేశాడు. అలా ఒక మిలియన్ డాలర్లు, ఒక తోపు, ఒక ఎర్ర కారు వరసగా మా ఊరి నుంచి బయల్దేరాయి.

కారు దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు. సన్నగా వాన.

“ఇరవై డాలర్లు వద్దన్నప్పుడే అనుకున్నాను, నీతో కష్టమని,” అంది మార్నీ.

“అసలు పాకం పోసి నకిలీ సీసా పట్టుకోమంది నువ్వే కదా?”

“అది నా ఉద్యోగం.”

“కట్టెలు వేసింది కూడా ఉద్యోగమేనా?”

ఆమె తలుపు తీసి ఆగింది. “మొదటి రోజు బురదకి వేశాను. రెండో రోజు సంతకానికి. ఆ తర్వాత రోజులు దేనికో నువ్వు అడగలేదు.”

“ఇప్పుడు అడుగుతున్నాను.”

“ఇప్పుడు నేను చెప్పను.”

కుడిపక్క గడ్డి మీదుగా, చక్రానికి మరక అంటకుండా వెళ్లిపోయింది. అచ్చం ఊరి మనిషిలా.

మే నెలలో తోపు కొట్టేశారు. కట్టిన ఇళ్లకి ‘మేపుల్ తోపు నివాసాలు’ అని పేరు పెట్టారు. చెట్టుని చంపి పేరు దాచుకోవడం నాగరికత. ఊళ్లో ఆల్డెన్‌ని ఎదురుగా మెచ్చుకున్నవాళ్లు కొందరు, వెనకాల వెర్రివాడన్నవాళ్లు కొందరు. ఎక్కువమంది రెండూ చేశారు. కంపెనీ మాత్రం ఏమీ నష్టపోలేదు. తెల్ల గడ్డం, పెట్టుడు పళ్లు ఉన్న నటుణ్ని పట్టి తాతని చేసింది. ఆయన నవ్వుకి సీసాలు తెగ అమ్ముడుపోతున్నాయట. నీతి ఎప్పుడూ గెలుస్తుందని చెప్పేవాళ్లు కొట్టుకెళ్లి అల్మారా చూడరు.

మళ్లీ మార్చి. మళ్లీ అంబలి. ఆల్డెన్ ట్రాక్టరు మీద వస్తుంటే రోడ్డు నడిమధ్యన ఎర్ర కారు, ఇరుసుల దాకా.

“మధ్యలో వెళ్లావా?”

“రోడ్డు మధ్యలోనే కదా ఉంది,” అంది మార్నీ, అద్దం దించి.

“కిందటేడు పోయేటప్పుడు గడ్డి మీదుగా పోయావు. చూశాను.”

“చూస్తున్నావని నాకూ తెలుసు.”

“మరి ఇదేంటి?”

“ఊరికే వచ్చి కట్టెలు వేస్తానంటే మీ తాతగారి రూలు ఒప్పుకోదు కదా. దిగబడ్డవాళ్లే వెయ్యాలి.”

ఆల్డెన్ గొలుసు తీశాడు గానీ కట్టడం మర్చిపోయాడు. “కంపెనీ ఏమంది?”

“ఆ నటుడికి ఒక బాల్యం రాయమంది. రాయడం మొదలుపెడితే మీ తాతే వస్తున్నాడు. పొగ, తిట్లు, దోసకాయ. అదంతా కొట్టేసి రాజీనామా రాశాను. నేను రాసినవాటిలో కల్పన లేనిది అదొక్కటే.”

“ఇప్పుడేం చేస్తున్నావు?”

“పక్క ఊళ్లో చిన్న పత్రిక. జీతం సగం.”

“నాకూ చెట్లు సగమే. రెండు సగాలు కలిపితే...”

“ఆపు. ఆ మాట సీసా మీద రాసేలా ఉంది.”

“అయితే సూటిగా అడుగుతాను. మూడో రోజు నుంచి కట్టెలు దేనికి వేశావు?”

“ఆవిరి తగ్గితే నువ్వు కనపడతావని,” అంది. “కట్టెలు వేస్తే ఆవిరి పెరుగుతుందని ఎవరూ చెప్పలేదు.”

కారు బయటికొచ్చింది, పాత చప్పుడే. ఈసారి ఎవరూ పక్కకి చూడలేదు.

ఆ శనివారం చర్చి విందులో కెమెరాలు లేవు. పాకం నిరుటి కంటే తక్కువ, జనం నిరుటంతే. అందుకని తలా కాస్త. హార్లన్ తాత స్వయంగా మంచు మీద పోశాడు. బిగిసిన మొదటి తీగని ఫోర్కుకి చుట్టాడు. హాలంతా చూస్తోంది. ఆల్డెన్ చెయ్యి చాచాడు. తాత ఆ చేతిని దాటి, మార్నీ ముందు ఆగాడు.

“తిను.”

“ఇది ఇంటి మనిషిదన్నారు కదండీ?”

“చెవుడు నాకా, నీకా?”

మార్నీ తింది. కళ్లు చెమర్చాయి. ఆయన తన పళ్లెంలోని దోసకాయ ముక్క కూడా ఆమె పళ్లెంలో వేశాడు. మా ఊళ్లో ఇంతకు మించిన ఆశీర్వచనం లేదు.

అప్పుడు హార్లన్ పెల్కీ నవ్వాడని ఎడ్నా గుడ్రో ఒట్టేసి చెబుతుంది. నవ్వు కాదు, పంటి సందులో పాకం ఇరుక్కుందని పాస్టరుగారి వాదన. ఊరు ఇంకా ఏదీ తేల్చుకోలేదు. ఫోటో మాత్రం ఎవరూ తియ్యలేదు.