అద్దం తుడవని రోజు

ఆమె కుర్చీలో కూర్చోలేదు. వెనక నుంచి ఎవరైనా లాగేస్తారేమోనన్నట్టు తలుపు రెక్క పట్టుకుని నిలబడింది. గుమాస్తా మంచినీళ్లిస్తే గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది గాని తాగలేదు. పన్నెండేళ్లుగా ఆ గదిలో ఫైళ్లు కడుతున్న గుమాస్తాకి భయపడుతూ వచ్చేవాళ్లు కొత్త కాదు. ఈమె భయం మాత్రం వేరుగా కనిపించింది. ఎవరో ఏదో చేస్తారని కాదు, తానే ఏదో చేసేశానేమోనని.

డిటెక్టివుగారిని అందరూ మాస్టారనే పిలుస్తారు. ఒకప్పుడు బడిలో లెక్కలు చెప్పేవారు. ఇప్పుడు మనుషులు చెప్పే లెక్కల్లో తప్పులు పట్టుకుంటున్నారు. "నిలబడే చెప్పమ్మా, తొందరేం లేదు," అంటూ ఆయన కూడా లేచి నిలబడ్డారు.

ఆమె భర్త చేపల బోటులో పనివాడు. కిలోమీటర్ల పొడవున తాడు, దానికి వేల గాలాలు. తెల్లవారుతూనే ఆ తాడుని సముద్రంలోకి వదిలి, మధ్యాహ్నం నుంచి వించి, అంటే తాడు చుట్టే యంత్రం, తిప్పి లాగడం వాళ్ల పని. బోటులో ఉండేది నలుగురు: నడిపే సరంగు, ఇంజను చూసుకునే ముసలాయన, ఆమె భర్త, భర్త అన్నగారు. మూడు వారాల కింద ముగ్గురే తిరిగొచ్చారు. వస్తూ ఒక వీడియో తెచ్చారు. చేపల వేట మీద నిఘాకి ప్రభుత్వం బోటులో పెట్టించిన కెమెరా తీసింది అది. పసుపు కోటు మనిషి ఒకడు బోటు వెనక్కి నడిచి, కమ్మీ ఎక్కి, దూకేశాడు. బావగారు దాన్ని బోటు తెర మీద నుంచి ఫోన్లోకి ఎక్కించుకుని, ముందుగదిలో చుట్టాలందరి ఎదుటా అత్తగారికి చూపించారు. ఏడేళ్ల పిల్ల కూడా చూసింది.

మొగుణ్ణి మాటలతో చంపుకుందని అత్తగారు ఆ పూటే పిల్ల స్కూలు సంచీ లోపల పెట్టి, కోడల్ని గుమ్మం అవతల నిలబెట్టి తలుపేసింది. పిల్లలు లేని బావగారు ఆ పిల్లని తనకి అప్పగించమని కోర్టుకెక్కారు. సోమవారం విచారణ. ఆ వీడియోనే సాక్ష్యం.

"నిజంగా పోట్లాడావా?" అడిగారు మాస్టారు.

"పోట్లాడానండీ. ముందు రోజు, బోటు ఫోన్లో. నెలకి రెండ్రోజులు ఇంటికొచ్చే మొగుడు రాకపోయినా ఒకటేనన్నాను." ఆమె గ్లాసు కింద పెట్టింది. "ఆ మాటకే దూకారని తేలితే పిల్లని నేనే ఇచ్చేస్తాను మాస్టారూ. తేలకుండా మాత్రం ఇవ్వను."

బోటులో ఆయన ఏం పని చేసేవాడని మాస్టారు అడిగారు. అన్నీ చేసేవాడంది. కెమెరా అద్దం తుడిచే పని కూడా ఆయనదే. గరుకు గుడ్డయితే అద్దానికి గీతలు పడతాయని, పిల్లకి పొట్టయిన పూల గౌను ముక్కలు కోయించుకుని పట్టుకెళ్లేవాడు.

ఆ వీడియోలు చూసే ఆఫీసు రేవు ఎదురుగా మేడ మీద ఉంది. కిటికీలకి మందపాటి తెరలు, వరసగా ఆరు కంప్యూటర్లు, ప్రతి కీబోర్డు పక్కనా కళ్లలో వేసుకునే చుక్కల మందు. ఆ బోటు చూసే అమ్మాయికి పాతికేళ్లుంటాయి. బోట్ల నుంచి వచ్చిన డిస్కుల్ని ఎనిమిది రెట్ల వేగంతో తిప్పుతూ, పైకొచ్చిన ప్రతి చేపకీ ఒక వరస టైపు చేస్తామని చెప్పింది. ఏ చేప, ఉంచుకున్నారా, వదిలేశారా. పట్టకూడని సొరచేపల్ని పట్టినందుకు ఈ బోటుకి ఇప్పటికే రెండు నోటీసులు వెళ్లాయి. మూడోది వెళితే లైసెన్సు పోతుంది.

"కెమెరా ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుందా?"

"లేదండీ. వించి తాడు లాగడం మొదలెడితేనే మేలుకుంటుంది. పొద్దున తాడు వదిలేటప్పుడు బొమ్మ రాదు. బోటు వేగం, ఇంజను గేరు, వించి ఒత్తిడి మాత్రం రోజంతా అంకెల్లో ఎక్కుతాయి. వాటిని ఎవరూ పట్టించుకోరు."

పాత రోజుల వీడియోలు వేసింది. అన్నీ ఒకేలా మొదలవుతున్నాయి. తెర నిండా మసక, అంతలో ఒక పూల గుడ్డ, వెంటనే తళతళలాడే సముద్రం. ముప్పై ఒక్క రోజులూ అంతే.

"మిగతా బోట్లవాళ్లు కావాలనే ఉప్పు పట్టనిస్తారు. ఈయన్ని నేనెప్పుడూ కలవలేదు గానీ, రోజూ వచ్చి నా కళ్లజోడు తుడిచి పెట్టినట్టుండేది," అంది అమ్మాయి.

ముప్పై రెండో రోజు పూల గుడ్డ లేదు. మూడు గంటల సేపు తెర మీద పాలు ఒలికినట్టు మసక, అందులో కదిలే పసుపు మచ్చలు. ఆ తర్వాత నల్ల రబ్బరు తొడుగు వేసుకున్న చెయ్యి ఒకటి అడ్డదిడ్డంగా తుడిచి పోయింది. ఇరవై ఆరు నిమిషాలకి పసుపు కోటు మనిషి, వీపే తప్ప ముఖం కనబడకుండా నడిచి, దూకాడు. సరంగు, ఇంజను ముసలాయన పరుగెత్తుకొచ్చి రబ్బరు చక్రం విసిరారు. పదకొండు నిమిషాల తర్వాత అన్నగారు వెనక నుంచి వచ్చాడు, మోకాళ్ల దాకా తడిసి.

మాస్టారు దాన్ని తొమ్మిదిసార్లు వేయించారు. ప్రతిసారీ గుమాస్తా ఆ దూకేవాణ్ణే చూశాడు. ఆయన దూకేవాణ్ణి చూడటమే లేదని, తెర అడుగున పాకే అంకెల్ని చూస్తున్నారని అతనికి ఆలస్యంగా అర్థమైంది.

మసక మూడు గంటల వరసల్నీ అచ్చు వేయించుకున్నారు. నలభై మూడు చేపలు. చాలావాటి ఎదురుగా "స్పష్టంగా లేదు" అని ఉంది. ముప్పై ఎనిమిదో వరసలో గుమాస్తా ఆయన భుజం మీదుగా చదివాడు: "పెద్ద సొర కావచ్చు. అంచు దగ్గర తాడు కోసి వదిలారు." మాస్టారు ఆ సమయానికి వించి అంకె ఎంతో రెండుసార్లు అడిగి రాసుకున్నారు. తర్వాత అమ్మాయి వైపు చూసి, ఇవాళ్టికి చాలు, తొందరగా ఇంటికెళ్లి పడుకో అన్నారు. ఆయన గొంతు అంత మెత్తగా ఎందుకైందో గుమాస్తాకి తెలియలేదు.

సరంగు బోటు మీదే దొరికాడు. తెగిన గాలాలు ఏరుతున్నాడు. పక్కన అన్నగారు.

"ఆ రోజు అద్దం తుడిచిందెవరు?"

"ఇంకెవరు, వాడే. వాడికదో పిచ్చి. పెళ్లాం మొహమైనా అంత శ్రద్ధగా చూసుండడు."

"మూడు గంటలు ఆలస్యంగానా?"

సరంగు కంటే ముందు అన్నగారు అందుకున్నాడు. "ఏడుస్తూ వెనకెక్కడో కూర్చున్నాడండీ. నేనే వెళ్లి, పని చూసుకోరా అన్నాను. ఆ తొడుగు చేత్తోనే తుడిచాడు. కాసేపటికి అటే పోయాడు."

"దూకినప్పుడు మీరెక్కడ?"

"బోటు వెనకాలే, రెండో మూలన. వాడి కోసం కేకలేస్తూ. అక్కడికి కెమెరా అందదు." చెబుతూ కళ్లు ఒత్తుకున్నాడు. తమ్ముడు పోయి నెల తిరగని మనిషి కదాని గుమాస్తాకి జాలేసింది.

ఇంజను ముసలాయన చెప్పింది తక్కువ. తెల్లారుతూ చిన్నవాడికి టీ ఇచ్చాడు. తర్వాత కింద ఇంజను పక్కనే ఉండిపోయి, కేకలు విని పైకొచ్చాడు. మధ్యలో చిన్నవాణ్ణి చూడలేదు. "ఆ చప్పుడులో నేనుండేది బావిలో ఉన్నట్టే బాబూ. పైన పెళ్లి జరిగినా తెలీదు."

దిగేముందు మాస్టారు బోటు వెనక్కి వంగి చూశారు. కమ్మీ కింద, నీళ్లకి కాస్త పైన జానెడు ఇనప మెట్టు. దాని కింద ప్రొపెల్లరు.

"ఇక్కడ వేలాడేవాడి ప్రాణం ఎవరి చేతిలో ఉంటుందోయ్?" అని గుమాస్తాని అడిగి, తనే చెప్పారు. "ఇంజను పట్టుకున్నవాడి చేతిలో."

ఆదివారం ఉదయం అందరూ అత్తగారి ముందుగదిలో చేరారు. సరంగు, అన్నగారు, ఇంజను ముసలాయన, ఆఫీసు అమ్మాయి. మఫ్టీలో వచ్చిన ఎస్సై గుమ్మం దగ్గర మాస్టారి చుట్టంలా కూర్చున్నాడు. కోడలు లోపలికి అడుగుపెట్టగానే అత్తగారు ముఖం గోడకి తిప్పుకుంది. ఈ మనిషిని తన గుమ్మం తొక్కనివ్వడమే ఎక్కువ అంది. పావుగంట ఓపిక పట్టండమ్మా, ఆ తర్వాత మీ ఇష్టం అన్నారు మాస్టారు. లోపలి గది తలుపు మూసే ఉంది. పిల్ల అక్కడుంది.

"వీడియోలో దూకినవాడు మీ చిన్నబ్బాయి కాదు," అని మొదలుపెట్టారాయన. "అప్పటికి ఆయన బోటులో లేడు."



"ముప్పై ఒక్క రోజులు వించి తిరగ్గానే అద్దం తుడిచాడు. ఆ రోజు తుడవలేదు. మనసు బాగాలేక మానేశాడనుకుందాం. మరి తుడిచినప్పుడు, గీతలు పడతాయని కూతురి గౌను ముక్క దాచుకున్న మనిషి ఉప్పు రబ్బరుతో రుద్దుతాడా? మిగిలినవాళ్లకి ఆ అద్దం గుర్తే రాలేదు, అది వాళ్ల పని కాదు గనక. దూకడం లోకానికి స్పష్టంగా కనబడాలి అనుకున్నాకే గుర్తొచ్చింది."

సరంగు నవ్వాడు. "గుడ్డ మారితే హత్యంటారా?"

"గుడ్డ ఒక్కటే అయితే నేనూ నవ్వేవాణ్ణి." మాస్టారు అంకెల కాగితం తీశారు. "దూకడానికి నలభై సెకన్ల ముందు నువ్వు పై మీటతో ఇంజను న్యూట్రల్ చేసి ప్రొపెల్లరు ఆపావు. నీకు ముందే ఎలా తెలుసు? వెనక మెట్టు మీదికి దిగబోయేవాడి కాళ్లు ప్రొపెల్లరు నమలకూడదు కాబట్టి. పరుగెత్తుకొచ్చింది నువ్వూ, ఈ పెద్దాయనా. మూడో మనిషి పదకొండు నిమిషాలకి వచ్చాడు, మోకాళ్ల దాకా తడితో."

సరంగు నవ్వు మాయమైంది. అన్నగారు నేలకేసి చూస్తున్నాడు.

"మరి నా చిన్నోడు ఎప్పుడు పోయాడు?" అంది అత్తగారు. ఆమె ముఖం ఇప్పుడు గోడ వైపు లేదు.

"పొద్దున టీ తాగినవాడు మధ్యాహ్నం వించి తిరిగేసరికి లేడు. ఆ మధ్య బోటులో జరిగింది ఒక్కటే పని, తాడు వదలడం. గాలం చేతికి దిగితే ఆ తాడు మనిషిని లాక్కుపోతుంది. అంతవరకూ ప్రమాదమే. కానీ ఆ పొద్దుటి వేగం అంకెలు చూశాను. ఆరు నుంచి పది దాకా బోటు ఒక్క క్షణం నెమ్మదించలేదు. నటించేవాడి కోసం ఆగిన ఇంజను నిజంగా పడ్డవాడి కోసం ఆగలేదమ్మా."

తర్వాతి మాట చెప్పేముందు ఆయన ఆఫీసు అమ్మాయి వైపు చూసి, "ఇందులో నీ తప్పేం లేదు," అన్నారు. "మధ్యాహ్నం తాడు లాగుతుంటే వించి ఒకచోట నాలుగు నిమిషాలు ఆగింది. ఏదో పెద్దది అంచు దాకా వచ్చింది. తాడు కోసి వదిలారు. సొరని వదలడానికి పది సెకన్లు చాలు. నాలుగు నిమిషాలు ఏం మాట్లాడుకున్నారు?"

అమ్మాయి రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆ వరస తను టైపు చేసిందే. మాస్టారు కాగితాన్ని బోర్లించి పెట్టారు.

"నలుగురిలో ఒకడు పడిపోయాడు. ఒకడు కింద ఇంజను దగ్గర. ఒకడు పైన వించి మీటల దగ్గర. తాడు కొసన కత్తి పట్టుకుని నిలబడ్డవాడు ఒక్కడే మిగిలాడు."

"నోరు విప్పావో చూడు," అన్నాడు సరంగు. ఎస్సై లేచి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

అన్నగారు తల్లిని తప్ప ఎవర్నీ చూడలేదు. "ఆపమన్నానమ్మా. పొద్దున వాడు పడగానే ఆపమన్నాను. తాడు ప్రొపెల్లర్లో పడితే యాత్రంతా నాశనం, మధ్యాహ్నం తాడుతోపాటే వస్తాడులే అన్నాడు." అన్నగారు చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. "వచ్చాడు. తాడుకి కట్టిన తేలే బోయా కావలించుకుని, ప్రాణంతో వచ్చాడు. ఎనిమిది గంటలు... వీడు ఒడ్డు చేరితే మనిద్దరికీ జైలే అన్నాడు సరంగు. అద్దం తుడిచి తుడిచి లైసెన్సు మీదికి తెచ్చినవాడు ఇంకా ఊరుకుంటాడా అన్నాడు. వచ్చే ఏడు బోటు నాకే ఇప్పిస్తానన్నాడు. నేను వంగితే, పైకి లాగడానికే అనుకుని చెయ్యి అందించాడమ్మా వాడు."

తల్లి ఏడవలేదు. పెద్దకొడుకు చేతుల్ని తేరిపార చూసింది. "నిన్న ఆ చేత్తోనే పిల్లకి చెప్పులు తొడిగావు," అంది. అంతే.

ఇద్దర్నీ జీపు ఎక్కించాక అత్తగారు లోపలి తలుపు తీసి పిల్లని తీసుకొచ్చింది. తల దువ్వి ఉంది. స్కూలు సంచీ పట్టీ కోడలి చేతిలో పెట్టింది. కోడలు ఒక మాట కోసం ఎదురుచూడటం గుమాస్తా చూశాడు. ఆ మాట రాలేదు. వాళ్లు గుమ్మం దాటగానే వెనక గడియ పడింది.

మెట్లు దిగుతూ ఆమె ఆగింది. పిల్లకి వినబడకుండా అడిగింది.

"ఎనిమిది గంటలు నీళ్లలో... నన్ను తిట్టుకునే ఉంటారా మాస్టారూ?"

"తిట్టుకునేవాడు అంతసేపు పట్టుకుని ఉండడమ్మా. ఎప్పుడో వదిలేస్తాడు."

రుజువు లేని మాట మాస్టారి నోట రావడం పన్నెండేళ్లలో గుమాస్తా వినలేదు. ఇప్పుడు విన్నాడు. విననట్టు ముందుకు నడిచాడు.

వెనక పిల్ల గొంతు వినిపించింది. "అమ్మా, ఫోన్లో దూకింది నాన్న కాదా?"

"కాదు."

"మరి నాన్నేం చేస్తున్నాడు అప్పుడు?"

ఆమె వంగి సంచీ తన భుజానికి తగిలించుకుంది. పిల్ల చెయ్యి అందుకుంది.

"ఇంటికొస్తున్నాడు," అంది.