ముందు మాట్లాడిన మనిషి

ఆ ఇంట్లో మధ్యాహ్నానికి ఏం వండాలన్నది పొద్దున్నే ఓటింగు పెట్టి తేల్చుకుంటారు. చిన్నవాళ్ళు ముందు చెప్పాలి, పెద్దవాళ్ళు చివర. పెద్దాయన పెట్టిన రూలు అది. అందుకని రోజూ మొదటి మాట తొమ్మిదేళ్ళ మనవరాలిదే.

"బంగాళదుంప," అంది మనవరాలు, బూటు లేసుతో కుస్తీ పడుతూ.

"నిన్నా అదే, మొన్నా అదే. ఒంట్లో దుంపలు మొలకెత్తుతాయే!" అంది నానమ్మ.

"నీ వంతు రాలేదు," అన్నాడు పెద్దాయన. "అమ్మాయ్, నువ్వు చెప్పు."

"క్యాబేజీ అయితే త్వరగా తెమిలిపోతుంది మావయ్యా," అంది కోడలు, బ్యాగు సర్దుకుంటూ.

బడిలో లెక్కలు చెప్పే కొడుకు, ఎవరు గెలిస్తే వాళ్ళ పక్కన చేరతానన్నాడు.

"నీలాంటి సభ్యుడు ఒక్కడుంటే చాలురా, మా మండలికి తాళం వేసుకోవచ్చు," అని పెద్దాయన పేపరు చేతిలోకి తీసుకున్నాడు. రెండు పేజీలు తిప్పి ఆగాడు. "మూడో పేజీ ఏదీ?"

"పాలు పొంగితే తుడిచాను," అంది అత్తగారు పొయ్యి వైపు తిరిగి.

పొయ్యి మీద పాలే లేవు. కోడలు అత్తగారి వీపు వంక చూసింది. అత్తగారు తిరగలేదు. పెద్దాయన మాత్రం చెప్పులు వేసుకుని వీధి చివరి కొట్టుకు వెళ్ళి ఇంకో పేపరు కొనుక్కున్నాడు.

రవాణా భద్రతా మండలి అని ప్రభుత్వ సంస్థ ఒకటి ఉంది. రైలు పట్టాలు తప్పినా, బస్సు లోయలో పడినా, లాంచీ మునిగినా అది ఎందుకు జరిగిందో తేల్చి చెప్పడం దాని పని. ఐదుగురు సభ్యులు, వాళ్ళలో ఒకరు చైర్మన్. ఆఫీసు మెట్ల పక్క గోడకి ఇంతవరకూ పనిచేసిన చైర్మన్ల ఫొటోలు వరసగా ఉంటాయి. మొదటాయన రైల్వే మనిషి, పడవ మునిగిందని చెప్పినా "సిగ్నలు ఏ రంగులో ఉంది?" అని అడిగేవాడట. రెండో ఆయన విమానాలు నడిపినవాడు, నేల మీద జరిగేవేవీ ఆయన కంటికి ఆనేవి కావు. తర్వాత ఇద్దరు లాయర్లు వచ్చి నివేదికలు పొడుగు చేసి పోయారు. ఐదో ఫొటో మన పెద్దాయనది. వంతెనల ఇంజనీరు. మండలిలోకి మొదటిసారి ఒక ఆడమనిషి వచ్చింది ఆయన హయాంలోనే. ఇనుమూ ఉక్కూ పరీక్ష చేయడంలో ఆరితేరిన మనిషి ఆవిడ. ఇప్పుడు ఓడల కెప్టెన్‌గా చేసిన ఒకావిడే చైర్మన్. నాలుగు నెలల కిందట రైలు బ్రేకుల ఇంజనీరైన కోడలు కూడా సభ్యురాలైంది. అందరికన్నా కొత్త తనే.

మండలిలో మొదటినుంచీ ఒక పద్ధతి ఉంది. ఏ ప్రమాదం మీద తీర్మానం చేసినా అందరికన్నా కొత్త సభ్యుడు ముందు మాట్లాడాలి, చైర్మన్ చిట్టచివర. పెద్ద కుర్చీ మాట ముందు చెవిన పడితే చిన్న కుర్చీకి నోరు పెగలదని. ఆఫీసు అలవాటు ఇంట్లోనూ వదల్లేక పెద్దాయన దాన్ని వంటింట్లోకి తెచ్చాడని ఇంట్లోవాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

సాయంత్రం కోడలు ఇంటికి వచ్చేసరికి మూడో పేజీ బల్ల మీద పరిచి ఉంది. దాని మీద ఆయన కళ్ళజోడు.

"ఇరవై రెండేళ్ళ నాటి లాంచీ ప్రమాదాన్ని మళ్ళీ విచారించాలట," అన్నాడు. "సరంగు కూతురు అర్జీ పెట్టిందట. నీకు తెలుసా?"

"తెలుసు మావయ్యా. మా దగ్గరకొచ్చిన ఫైళ్ళ గురించి ఇంట్లో మాట్లాడకూడదు కదా. మీరు నేర్పిందే."

"నేర్పాను. బాగా ఒంటబట్టింది."

ఆ లాంచీ రేవుగోడను గుద్దుకుని పదకొండు మంది పోయారు. నడిపిన సరంగు ఏమరుపాటే కారణమని పెద్దాయన చైర్మన్‌గా ఉన్న మండలి రాసింది. అతని లైసెన్సు పోయింది. ఇప్పుడు డెబ్భై దాటాడు. ఏదో గోదాముకి కాపలా ఉంటున్నాడని పేపర్లో రాశారు. పోయిన ఏడాది అదే కార్ఖానాలో తయారైన ఇంకో లాంచీకి చుక్కానిని తిప్పే గొలుసులో మేకు విరిగింది. చక్రం తిప్పినా పడవ తిరగలేదు. నాన్న లాంచీకీ అలాగే జరిగి ఉండొచ్చు కదా అని కూతురు అడుగుతోంది.

"రేపటి మీటింగులో ఏమంటావు?" అన్నాడు పెద్దాయన. "కొత్తదానివి. ముందు మాట నీదే. తెరవమంటావా? నా సంతకం తప్పని చెబుతావా?"

"ఏమండీ, పిల్ల ఇంకా కాళ్ళు కూడా కడుక్కోలేదు," అంది అత్తగారు.

"నేనేమీ అనను మావయ్యా. మీ కోడల్ని కాబట్టి ఈ విషయంలో కూర్చోనని రాసిచ్చేశాను. బయటికి వెళ్ళిపోతాను."

పెద్దాయన ముఖం కాస్త తేటపడింది. వేళ్ళు మడిచి లెక్క వేసుకున్నాడు. "మిగతా నలుగురిలో కెప్టెనమ్మ తెరవాలంటుంది. పైలట్‌గా చేసినాయనదీ ఆవిడ మాటే. లాయరు పాత దస్త్రం కదలనివ్వడు. రోడ్లాయన నా దగ్గర పని నేర్చుకున్నవాడు. ఇద్దరూ ఇద్దరూ. సమానమైతే పాత నివేదికే నిలుస్తుంది." వేళ్ళు వదిలేశాడు. "సరే. మంచిపని చేశావు."

"మీ కోసం చెయ్యలేదు మావయ్యా. రూలు అది."

మెల్లగానే అంది. అయినా ఆయనకు తగిలింది.

"అంటే? నువ్వు కూర్చునుంటే తెరవమనే దానివన్నమాట!"

కోడలు బ్యాగు కింద పెట్టింది. "ఆ మాట నన్ను అడక్కూడదు, నేను చెప్పకూడదు. ఒక్కటి మాత్రం అడుగుతాను. ఈ నాలుగు నెలలూ రోజూ పొద్దున్నే మీరు నాకు పాఠం చెప్పారు. బ్రేకుల కేసు చెప్పారు, వంతెన కేసు చెప్పారు, గుడ్డి మలుపు కేసు మూడుసార్లు చెప్పారు. ఈ లాంచీ కేసు ఒక్కసారి కూడా ఎందుకు చెప్పలేదు?"

"చెప్పడానికేముంది అందులో!" అంటూ ఆయన లేచాడు. "నా ఇంట్లో నన్నే విచారిస్తావా? ముప్ఫై ఏళ్ళ పేరు నాది!"

"కేకలెయ్యకండి," అని కొడుకు ఏదో సర్దబోయాడు. నువ్వు ఊరుకోమని తల్లి చేత్తో ఆపింది. బల్ల దగ్గరికి కుర్చీ లాక్కుని మొగుడికి ఎదురుగా కూర్చుంది.

"ఆ నివేదిక మీద సంతకాలైన రోజు నాకు గుర్తుంది. అన్నం తినలేదు మీరు. మర్నాడు పొద్దున వీణ్ణి లేపి, ఏం కూర కావాలిరా, నువ్వు ముందు చెప్పు అన్నారు. అప్పటిదాకా ఈ ఇంట్లో ముందు మాటా మీదే, చివరి మాటా మీదే. ఆఫీసు పద్ధతి ఇంటికి తెచ్చారని అందరూ అనుకుంటారు. ఆఫీసులో చేరిన పదకొండేళ్ళకి తెచ్చారేం? ఆ రోజే ఎందుకు తెచ్చారు?"

పెద్దాయన నిలబడే ఉన్నాడు.

"ఇన్నేళ్ళూ అడగలేదు. ఇప్పుడడుగుతున్నా. ఆ రోజు మీరు ముందు మాట్లాడారా?"

ఆయన మళ్ళీ కూర్చున్నాడు. కూర్చోవడానికి చాలాసేపు పట్టింది.

"బయట మంత్రిగారి కారు ఆగి ఉంది," అన్నాడు. "పేపరు వాళ్ళు మెట్ల నిండా ఉన్నారు. తొందర. 'సరంగు చూసుకోలేదు, అంతే కదా, ఇక కానివ్వండి' అన్నాను. నోరు జారిందని అప్పుడే తెలిసింది నాకు. ఆవిడ వంతు అది. ఆ ఉక్కు పరీక్షావిడది. చేతిలో కాగితం ఉంది. నా మాట విని దాన్ని నాలుగు మడతలు పెట్టింది. 'అంతే సార్' అంది."

"కాగితంలో ఏముంది మావయ్యా?" అని అడగబోయి కోడలు నాలుక కరుచుకుంది. తను అడగకూడదు. లేచి వెళ్ళబోయింది.

"ఉండమ్మా. నిన్ను సభ్యురాలనుకుని చెప్పడం లేదు." ఆయన పేపరు పక్కకు నెట్టాడు. "మర్నాడు ఆవిడ నా గదికొచ్చి ఆ కాగితం చూపించింది. మేకు విరిగిన చోట లోపలిదాకా తుప్పు ఉందట. అంటే గోడను గుద్దిన దెబ్బకు విరిగింది కాదు, ముందే చిట్లి ఉంది. నేనేమన్నానో తెలుసా? 'ఈ మాట నిన్న చెప్పాల్సింది కదమ్మా' అన్నాను. నిన్న చెప్పనిచ్చిందెవరు? ఆవిడ పోయి ఐదేళ్ళయింది. మీటింగు మినిట్సులో మాత్రం అన్నీ సక్రమంగానే ఉన్నాయి. కొత్త సభ్యురాలు ముందు మాట్లాడారు, చైర్మన్ చివర. దాని కింద సంతకం నాది."

మనవరాలు వచ్చి తాత కుర్చీ చేతి మీద కూర్చుంది. "తాతయ్యా, తప్పు చేస్తే మా క్లాసులో ముందు నిలబడి చెప్పాలి," అంది.

"ఎవరే ఆ రూలు పెట్టింది?"

"నాన్నే."

లెక్కల మాస్టారు తల వంచుకున్నాడు. పెద్దాయనకి నవ్వు వచ్చింది. ఆ నవ్వు సగంలోనే చెదిరిపోయింది. ఆయన కళ్ళజోడు కోసం తడుముకున్నాడు. అత్తగారు దాన్ని తీసి, కొంగుతో తుడిచి చేతిలో పెట్టింది.

మండలిలో ఇంకో నియమం ఉంది. ఎవరికీ పెద్దగా అవసరం పడనిది. తీర్మానం పద్ధతి ప్రకారం జరగలేదని అప్పటి సభ్యుల్లో ఎవరైనా వచ్చి రాసిస్తే, ఓటింగుతో పని లేకుండా కేసు మళ్ళీ తెరవాలి. ఆ నియమం రాసినవాళ్ళలో పెద్దాయనా ఒకడు.

తెల్లవారి కోడలు లేచేసరికి ఆయన బల్ల దగ్గర కాగితాలు సర్దుతున్నాడు. "రాశాను. ఒకసారి చూసిపెడతావా?"

"నేను చూడకూడదు మావయ్యా."

"అవును. చూడకూడదు." ఆయన కాగితాలు కవర్లో పెట్టాడు. "నాకన్నా మంచి సభ్యురాలివి నువ్వు. ఈ మాట నిన్ననే అనాల్సింది. కేక వేశాను."

"గట్టిగా కూడా వెయ్యలేదు లెండి. మా నాన్న కేకలు వింటే మీరు దడుసుకునేవాళ్ళు," అంది కోడలు. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. బస్సు దొరకదేమోనని ఇద్దరూ తొందరగా బయల్దేరారు.

పదిగంటలకు మండలి తలుపులు మూసుకున్నాయి. పెద్దాయన లోపల, కోడలు బయట వరండాలో బెంచీ మీద. ఎదురు బెంచీ మీద ముసలి సరంగు, పక్కన కూతురు. అతను ఇస్త్రీ చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, అరచేతులు మోకాళ్ళ మీద ఉంచుకుని కదలకుండా కూర్చున్నాడు. కూతురు ఏదో చెప్పబోతే "ఊరుకోవే, పెద్దలు మాట్లాడుకుంటున్నారు" అంటున్నాడు.

నలభై నిమిషాలకు తలుపు తెరుచుకుంది. కెప్టెనమ్మ వచ్చి, కేసు తెరుస్తున్నామనీ, సామాన్ల గదిలో దాచి ఉంచిన అప్పటి మేకును కొత్తగా పరీక్షకు పంపుతున్నామనీ చెప్పింది. కూతురు గోడకు ఆనుకుని ఏడ్చేసింది. సరంగుకు ఏమీ అర్థమైనట్టు లేదు.

ఆవిడ వెనకాలే పెద్దాయన వచ్చాడు. నేరుగా సరంగు ముందుకెళ్ళి నిలబడ్డాడు. సరంగు గబుక్కున లేవబోయాడు.

"మీరు కూర్చోండి సరంగుగారూ. నిలబడాల్సింది నేను. ఆ రోజు మీ మాట సరిగ్గా విచారించనివ్వలేదు నేను. మేకు విరిగినచోట తుప్పు ఉందని ఒకావిడ రాసింది. తుప్పుందంటే ముందునుంచే చిట్లి ఉంది. అది విరిగిపోయాక మీరు చక్రం ఎంత తిప్పినా పడవ తిరగదు. ఆ సంగతి నాకు ఇరవై రెండేళ్ళుగా తెలుసు."

తిడతాడనుకుంది కోడలు. తిట్టినా ఆపకూడదనుకుంది.

సరంగు ఆయన ముఖంలోకి చూశాడు.

"నేను తిప్పాననే మొదట్లో చెప్పానయ్యా," అన్నాడు నెమ్మదిగా. "మీరంతా చదువుకున్నవాళ్ళు, ఐదుగురు. ఐదుగురూ చూసుకోలేదనే రాశారు. పోను పోను నాకే అనుమానం పట్టుకుంది. తిప్పలేదేమో, కునుకు పట్టిందేమో, నాకే గుర్తులేదేమో అనుకున్నా. ఆ పదకొండు మందికీ రోజూ నేనే చెప్పుకునేవాణ్ణి, నా వల్లే అని."

పెద్దాయన గోడ కోసం చెయ్యి చాచాడు. కోడలు లేచి వెళ్ళి ఆయన మోచెయ్యి పట్టుకుంది.

సరంగు తన రెండు చేతులూ మోకాళ్ళ మీంచి పైకెత్తి, అవి ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు.

"అయితే నేను తిప్పానంటారా?" అన్నాడు.

"తిప్పారు సరంగుగారూ," అన్నాడు పెద్దాయన. "తిప్పారు."