ఏడు గంటల ఏసుపాదం

"ఏసుపాదం చనిపోయి తొంభై రెండు రోజులైంది," అన్నాడు చీఫ్ పల్లంరాజు. "కాని రోజూ ఉదయం ఏడింటికి డ్యూటీ ఎక్కుతున్నాడట."

రాజమండ్రిలో ఒక ట్రావెల్స్ ఆఫీసు వెనక దాచిన నిఘా శాఖ రహస్య గది అది. ఏజెంట్ నూకరత్నం నవ్వలేదు. ఆమెకు ఈ వృత్తి నేర్పింది ఏసుపాదమే. ఆయన శవాన్ని గోదావరిలోంచి తీసినరోజు ఆమె ఒడ్డునే ఉంది.

"గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర మన నిఘా కేంద్రం ఉంది కదా. అక్కడి సర్వర్‌లో సెట్టింగ్స్ సేవ్ కావడంలేదు. స్టాఫ్ ఏం మార్చినా మర్నాడు ఏడింటికి ఏసుపాదం పెట్టినవే తిరిగొస్తున్నాయి. షిఫ్ట్ ఆఫీసర్ కీర్తిప్రియ నాలుగు కంప్లైంట్లు పంపింది."

"రిపేరు పనికి నేనెందుకండీ?"

"రేపు వేట నిషేధం ఎత్తేస్తారు. తెల్లవారేసరికి మూడొందల బోట్లు సముద్రంలోకి దిగుతాయి. ఆ సందడిలో ఒక విదేశీ ముఠా బోటు పేలుడు సరుకుతో లోపలికి వస్తుందని కబురు. ఏసుపాదం వాళ్లకు అమ్ముడుపోయాడని ఫైలు చెబుతోంది. వాళ్లకోసం ఆ మెషీన్లో ఏదో వదిలిపోయాడు. వెతికి తుడిచేసి రా."

"ఆయన అమ్ముడుపోయే మనిషి కాదండి."

"అయితే రుజువు తే. రేపు ఎనిమిదింటికి ఫైలు మూసేస్తాను. ఆ తర్వాత ఆయన పేరు అమరుల బోర్డు మీద ఎప్పటికీ ఎక్కదు."

మర్నాడు ఉదయం ఆరు గంటలకు 'శ్రీసత్య, కంప్యూటర్ టెక్నీషియన్' అన్న కార్డు మెడలో వేసుకుని, టూల్‌బ్యాగు, టిఫిన్ క్యారేజీ పట్టుకుని నూకరత్నం నిఘా కేంద్రం మెట్లెక్కింది. ఏటి మీద ముసురు ఇంకా విడలేదు. ఆపరేటర్ లోవరాజు గుమ్మంలోనే ఎదురయ్యాడు.

"పులస దొరుకుతుందా అండీ?" అందామె.

"ఎర్రనీళ్లు రావాలి కదండీ," అన్నాడతను. కోడ్ సరిపోయింది. చీఫ్ పెట్టిన మనిషి ఇతనే.

మానిటర్‌కు నిమ్మకాయ, మిరపకాయలు కట్టి ఉన్నాయి. ఆమె కుర్చీ లాగబోతే లోవరాజు గబుక్కున అడ్డం వచ్చాడు.

"అది వద్దండమ్మా. ఏసుపాదం గారిది. ఎవరం కూర్చోం. ఏడింటికి మీరే చూడండి, అక్షరాలన్నీ పచ్చగా, పెద్దగా అయిపోతాయి. ఆయనకి చూపు ఆనేది కాదు కదండీ. మేం అలారానికి బెల్లు పెడితే అది పోయి ఆయన గొంతే వచ్చేస్తదండి."

"ఏమని?"

"'లెగండర్రా, నీళ్లొచ్చాయ్' అని." అతని చెయ్యి తెలియకుండానే మెడలోని తాయెత్తు మీదికి పోయింది.

సెంటు వాసన ముందొచ్చింది, కీర్తిప్రియ తర్వాత వచ్చింది. పొగమంచు రంగు పట్టుచీర, నల్లకళ్లద్దాలు. "రండి శ్రీసత్య గారూ! ఏడులోపు అయిపోవాలండి. ఇవాళ బోట్ల రోజు. ఈ వలయం ఉంటే ఊరికే అలారం మోగి చంపేస్తది." మ్యాప్‌లో ఒకచోట ఏసుపాదం గీసిన, బోటు అడుగుపెడితే అలారం మోగించే ఎర్రటి వలయాన్ని గోటితో చూపించింది.

"అది పాత పాయ కదండీ? ఇసుక మేటేసింది. బోట్లు ఎవరూ అటు రారు."

"రారు. అందుకే తీసేయమంటున్నాను."

నూకరత్నం ఈ ఏటిగట్టు బెస్తల ఇంట పుట్టిన పిల్ల. బోట్లే రాని చోట అలారం ఊరికే ఎలా మోగుతుంది? ఆ ప్రశ్నను నాలుక చివరే ఆపుకుంది.

పని మొదలుపెట్టింది. డిస్క్‌లో ఖాళీ ఉంది. పర్మిషన్లు సరిగానే ఉన్నాయి. ఒక రంగు మార్చి, సేవ్ చేసి, లాగౌట్ చేసి మళ్లీ తెరిచింది. మార్పు అలాగే ఉంది. అంటే సేవ్ అవుతోంది. తర్వాత ఎవరో దాని మీద రాస్తున్నారు.

ఈ గదిలో అందరిదీ ఒకటే ఖాతా. పాస్‌వర్డ్ మానిటర్ అంచున కాగితం మీదే అంటించి ఉంది. షిఫ్టు దిగేటప్పుడు ఎవరూ లాగౌట్ చెయ్యరు. స్క్రీన్ కట్టేసి వెళ్లిపోతారు. ఒకే ఖాతా రెండు చోట్ల తెరిచి ఉంటే, ఆఖర్న రాసినవాడి మాటే సర్వర్‌కు చెల్లుతుంది.

ఆమె జడలోని క్లిప్పు తీసి సర్వర్‌కు గుచ్చింది. చేతిగడియారం మీద జాబితా కదిలింది. ఖాతా రెండు చోట్ల తెరిచి ఉంది. ఒకటి ఈ గది. రెండోది టెర్మినల్ ఏడు, పాత తుఫాను షెల్టర్. తెరిచి తొంభై మూడు రోజులు.

చనిపోయిన మనిషి ఇంకా లాగిన్‌లోనే ఉన్నాడు.

"కేబుల్ తెస్తానండి," అని టిఫిన్ క్యారేజీతో సహా బయటపడి లోవరాజు బండి తీసుకుంది.

షెల్టర్ పొడుగు స్తంభాల మీద ముసురులో తేలుతున్నట్టుంది. కింద ఎవరో ఆరేసిన వలలు. పైన తలుపు తోస్తే లోపల చీకటి, ఆ చీకట్లో ఒక పచ్చటి వెలుగు. సోలార్ మీద నడిచే పాత టెర్మినల్ గుయ్‌మంటోంది. పక్కన అడుగున టీ ఎండిన గ్లాసు. గోడ వారగా ఒక జత చెప్పులు, యజమాని ఇప్పుడే విడిచి లోపలికి వెళ్లినట్టు.

తెర మీద పెద్ద పచ్చక్షరాలు. 'వలయం తీసినది: కీర్తిప్రియ. మార్చి 12. మార్చి 13. మార్చి 14.' దాని కింద, 'ప్రతిరోజూ 7:00కు నా సెట్టింగ్స్ సర్వర్‌కు పంపు.' ఇంకా కింద ఒక్క ముక్క. 'రత్నం వస్తే చూస్తుంది.'

ఆమె కళ్లు మసకబారాయి. అది ఫాల్ట్ కాదు. కాపలా.

సెంటు వాసన వచ్చింది.

"వలయం తీసేసి మీ వెనకే వచ్చానండి. ఇక లాగౌట్ కొట్టండి," అంది కీర్తిప్రియ వెనకనుంచి. చేతిలో పిస్టల్. "ఆయనకీ మర్యాదగానే చెప్పానండి. వినలేదు."

టైము 6:58.

నూకరత్నం వంగింది. టక్‌మని శబ్దం. పచ్చటి వెలుగు ఆరిపోయింది.

"థాంక్సండి. మంచి టెక్నీషియన్ మీరు." కీర్తిప్రియ కిటికీలోంచి, పోటునీళ్లతో నిండిన పాత పాయవైపు చూసింది. పెదవుల మీద నవ్వు.

ఏడయింది. ఏటి వారనుంచి, నిఘా కేంద్రం మైకుల్లోంచి, ముసురును చీల్చుకుంటూ ఒక బొంగురు గొంతు లేచింది.

"లెగండర్రా! నీళ్లొచ్చాయ్!"

కీర్తిప్రియ ముఖం పాలిపోయింది. "నువ్వు లాగౌట్ చేశావు! నేను చూశాను!"

"మీ షిఫ్టులో అందరూ చేసేదే చేశానండి. స్క్రీన్ కట్టేశాను."

పిస్టల్ లేచేలోగా టిఫిన్ క్యారేజీ మూత ఊడింది. తెల్లటి పొగ. తూటా పైకప్పులో దిగింది. పొగ పలచబడేసరికి కీర్తిప్రియ చేతులు వలతాడుతో కట్టేసి ఉన్నాయి.

"చీఫ్! పాత పాయలో బోటు. పట్టుకోండి," అంది నూకరత్నం చేతిగడియారంలోకి.

"కెమెరాలో కనబడుతోంది. మన బెస్తవాళ్లదేమో రత్నం? పండగపూట వాళ్ల మీదికి పోలీసుల్ని తోలమంటావా?"

"బోటు ముక్కుకి పసుపు ఉందా?"

"ఆగు, కెమెరా దగ్గరికి లాగుతాను. లేదు."

"వేపమండ?"

"అదీ లేదు."

"నిషేధం ఎత్తేసిన తొలిరోజు పసుపు రాయకుండా ఒడ్డు వదిలే బోటు మన ఏటిలో లేదండి."

ఏడూ పదికల్లా పేలుడు సరుకుతో సహా బోటు దొరికింది. ఎనిమిదికి చీఫ్ షెల్టర్ మెట్లెక్కి వచ్చి, పచ్చక్షరాలు రెండుసార్లు చదివి, ఫైలు మీద రాసిన 'ద్రోహి' అన్న మాట కొట్టేశాడు.

"బోర్డు మీద పేరు ఇవాళే రాయిస్తాను. ఇంక ఆయన్ని లాగౌట్ చెయ్యి."

నూకరత్నం చెయ్యి కీ మీద కాసేపు ఆగింది. తర్వాత వెనక్కి తీసుకుంది. టీ గ్లాసు మాత్రం కడిగి బోర్లించింది.

సాయంత్రం కంప్లైంట్ రిజిస్టర్‌లో లోవరాజు ఆమె రాసింది పైకి చదివాడు.

"సమస్య: సెట్టింగ్స్ సేవ్ కావడంలేదు. కారణం: ఉద్యోగి ఇంకా డ్యూటీ దిగలేదు. చర్య: రిలీవర్ వచ్చేదాకా కదపవద్దు."